ఇనుపరాయి దారిలో చలి సీజను

సంక్రాంతి ముందు వారం కొత్తవలస స్టేషన్‌లో కిరండూల్ పాసింజరు ఎక్కాలంటే కాలు పెట్టడానికి చోటుండదు. అందరూ అరకు చలికి పోయేవాళ్లే. తమాషా ఏమిటంటే, ఈ లైను వేసినవాళ్ల లెక్కలో మనుషులు లేరు, రాయే ఉంది.

బైలదిల్లా ఇనుప ఖనిజం ఏటా 40 లక్షల టన్నులు ఇస్తామని 1960లో మన దేశం జపాన్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ రాయి విశాఖ రేవుకి దిగాలి. అడ్డంగా తూర్పు కనుమలు. అందుకే కొత్తవలస నుంచి కిరండూల్‌ దాకా దాదాపు 450 కిలోమీటర్లు, 58 సొరంగాలతో పట్టాలు పరిచారు. 1960ల చివరికి బళ్లు నడిచాయి. నిండు వ్యాగన్లు దిగడం, ఖాళీవి ఎక్కడం, ఆ సందులో ఓ పాసింజరు. శృంగవరపుకోట దాటాక బండి కొండెక్కుతుంది. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తు. బ్రాడ్‌గేజీలో అంత ఎత్తు స్టేషన్ మరోటి లేదని చాన్నాళ్లు గొప్పగా చెప్పుకున్నాం. కాశ్మీరు లోయలో రైలు తిరిగాక ఆ గొప్ప పోయింది.

హిమాలయాల్లో సీజనంటే మంచు. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో 2023లో ఆగేదాకా రోప్‌వే నడిపింది ప్రభుత్వ సంస్థ, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం అక్కడ మంచు చేసే యంత్రాలు తెచ్చిపెట్టారు. ఒత్తిడి గాలితో నీళ్లు చిమ్మితే, చలి చాలినంత ఉంటే, అవి గడ్డకట్టి రాలతాయి. స్కీ సీజన్ని పొడిగించుకునే ఉపాయమది. అరకు పొగమంచుకి అలాంటి మిషను లేదు. జనవరి దాటితే పలచబడిపోతుంది.

మరి మన సర్కారు సీజన్ని సాగదీసిందెలా? అద్దాలతో. 2017 ఏప్రిల్ 16న, మండుటెండల్లో, విస్టాడోమ్ పెట్టె ఈ బండికి తగిలించారు. 40 సీట్లు, ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. కప్పు కూడా అద్దమే. చలి అమ్మడం మాని కిటికీ అమ్మారన్నమాట! నామట్టుకు వానాకాలమే ఈ ప్రయాణానికి అసలు సీజను. లోయలన్నీ పచ్చన, రాళ్లమీంచి ఎక్కడపడితే అక్కడ నీళ్లు. కొండచరియలు జారితే లైను ఆగిపోతుంది, అదొక్కటే చిక్కు.

ఎండాకాలం ఆదుకునేది బొర్రా గుహలు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ నడిపే ఈ గుహల్ని జియోలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ 1807లో కనుక్కున్నాడని చెబుతుంటారు. ఆ సర్వే పుట్టిందే 1851లో! గుహని తొలిచింది మాత్రం గోస్తనీ నీళ్లు. ఆ నదే కిందికొచ్చి మన తాటిపూడి జలాశయం నింపుతుంది.

2025 జనవరి 31 నుంచి మూడురోజులు అరకులో ప్రభుత్వం చలి ఉత్సవం చేసింది. జనం ఎలాగూ వచ్చే రోజుల్లో పండగెందుకు? నన్నడిగితే శ్రావణంలో పెట్టమంటాను.

ఆ తర్వాత వారమే, రైల్వే డివిజన్ల పంపకంలో కొత్తవలస–బచేలి లైనుని కొత్త రాయగడ డివిజనుకి ఇవ్వడానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. పలాస నుంచి దువ్వాడ దాకా మెయిన్ లైను విశాఖ డివిజనులో మిగిలింది, కొండెక్కే పట్టాలు అటు వెళ్లాయి.