మూడోది అంటే ఏ మూడోది? జాబితా అంకెల వెనక ఉన్న చరిత్ర

వట్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతాను. తప్పు నాదే.

మా బాబాయికి కొల్లేరు వైపు చేపల చెరువుంది. ఏరేటర్ మోటారు స్టార్టర్ మాటిమాటికీ మొరాయిస్తుంటే, దాన్ని శుభ్రం చేసే పద్ధతి ఫోన్లో చూసుకునేలా ఒక పేజీ తయారు చేశాను. స్టార్టర్ ఆపాలి, మెయిన్ దించాలి, టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకోవాలి. ఇవి మూడు. తర్వాత ఒక ఫొటో. ఆ తర్వాత కవర్ విప్పాలి, కాంటాక్టులు తుడవాలి, కవర్ బిగించి మెయిన్ వెయ్యాలి. మొత్తం ఆరు మెట్లు.

ఫోన్లో చెప్పాను: "బాబాయ్, మూడోది అయ్యాకే లోపల చెయ్యి పెట్టు."

అటు నుంచి జవాబు: "మూడోదంటే మెయిన్ వెయ్యడమే కదరా? కరెంటు వేశాక చెయ్యి పెట్టమంటావేంటి?"

నాకు గుండె ఆగినంత పనైంది. పేజీ తెరిచి చూస్తే, ఫొటో తర్వాత అంకెలు మళ్లీ 1 నుంచి మొదలయ్యాయి. ఒకే పేజీలో రెండు మూడోవి! ఆయన అడిగే మనిషి కాబట్టి సరిపోయింది.

ఆరోజే అనుకున్నాను, ఈ చిన్న అంకె అసలు ఎవరిది? రాసినవాడిదా, పేజీకి అందం చేసేవాడిదా? ఆ ప్రశ్నకి చాలా పాత చరిత్ర ఉందండి.

తాటాకుల దగ్గర్నుంచి మొదలుపెడదాం. తాళపత్ర గ్రంథం అంటే కుట్టిన పుస్తకం కాదు. ఆకులకి చిల్లు పెట్టి, దారం దూర్చి కట్టిన కట్ట. దారం తెగితే ఆకులన్నీ చెల్లాచెదురే. అప్పుడు వరస తెలిసేది దేనివల్ల? ఆకు అంచున గీసిన అంకె వల్ల. మన దక్షిణాది రాతగాళ్లు సాధారణంగా ఆకు ముందు వైపే ఆ అంకె వేసేవారు. ౧, ౨, ౩ అని. అది అలంకారం కాదు. అది లేకపోతే గ్రంథమే లేదు.

తర్వాత అచ్చు పుస్తకాలొచ్చాయి. పాత కావ్యం ఏదైనా తెరిచి చూడండి. పద్యం ముందు క., సీ., ఉ. అని ఛందస్సు గుర్తు ఉంటుంది. పద్యం అంకె చాలా పుస్తకాల్లో చివర్లో ఉంటుంది. అంటే జాబితా అంకె ముందే ఉండాలన్న రూలు మన పుస్తకాలకి లేదన్నమాట.

పల్లెల్లో కరణం గారి లెక్కలు ఇంకో లోకం. భిన్నాలకి కూడా విడిగా గుర్తులుండేవి. వీసం అంటే పదహారో వంతు. "వీసమెత్తు కూడా లేదు" అంటాం చూడండి, అదే. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. వాళ్లతోపాటు ఆ గుర్తులు చదవగలిగేవాళ్లూ తగ్గిపోయారు. చిత్రమేంటంటే, తెలుగు భిన్నాల గుర్తులు 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి. అంటే మీ ఫోన్లో సరైన ఫాంట్ ఉంటే కరణం గారి లెక్క కనిపిస్తుంది!

మరి ౧ ౨ ౩ స్థానంలోకి 1 2 3 ఎలా వచ్చాయి? అవి కూడా పరాయివేం కావండి. మన దేశంలో పుట్టిన అంకెలే అరబ్బుల ద్వారా యూరప్ చేరాయి. అక్కడ 1202లో ఫిబొనాచ్చి పుస్తకం వాటికి పేరు తెచ్చింది. రూపం మార్చుకుని, అచ్చుయంత్రంతో కలిసి మళ్లీ మన దగ్గరికొచ్చాయి. 1949 సెప్టెంబర్‌లో రాజ్యాంగ సభలో భాష గురించి జరిగిన పెద్ద గొడవలో ఈ అంకెల గొడవ కూడా ఉంది. చివరికి 343వ అధికరణంలో ఏం రాశారంటే, కేంద్రం అధికార పనులకి వాడేది "భారతీయ అంకెల అంతర్జాతీయ రూపం" అని. ఆ పేరులోనే రాజీ కనిపిస్తోంది కదండీ.

ఇప్పుడు వెబ్ దగ్గరికొద్దాం. ఇక్కడ చెప్పే కోడ్ మాటలు మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, గుర్తుంచుకోండి.

హెచ్‌టీఎంఎల్‌లో వరస జాబితాకి ఓఎల్ అనే ట్యాగ్ ఉంది. దాని రూపం దిద్దేది సీఎస్ఎస్. 1996లో వచ్చిన మొదటి సీఎస్ఎస్‌లో 1 2 3, రోమన్ అంకెలు, ఏ బీ సీ, అంతే. 1998లో వచ్చిన రెండోదానిలో హీబ్రూ, ఆర్మీనియన్, జార్జియన్, జపనీస్ వరసలు చేరాయి. భారతీయ లిపి ఒక్కటీ లేదు. మనవి తర్వాత వచ్చాయి. ఇప్పుడు 'లిస్ట్-స్టైల్-టైప్' అని రాసి పక్కన 'తెలుగు' అంటే చాలు, ౧ ౨ ౩ వచ్చేస్తాయి. మనకి నచ్చిన వరస మనమే తయారు చేసుకోవాలంటే 'కౌంటర్-స్టైల్' ఉంది. అది ఫైర్‌ఫాక్స్‌లోకి 2014లో, క్రోమ్‌లోకి 2021లో, సఫారీలోకి 2023లో వచ్చింది. క, ఖ, గ అని కూడా లెక్కపెట్టించొచ్చు. పద్యం చివర అంకె కావాలా? 'ఆఫ్టర్' అనే సూడో ఎలిమెంట్‌లో కౌంటర్ పెడితే పాత కావ్యం పేజీ లాగే వస్తుంది.

అసలు తగువు మాత్రం వేరే చోట ఉంది. 1997లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4, జాబితా ఎక్కడ మొదలవ్వాలో చెప్పే 'స్టార్ట్', ఒక్కో అంశానికి అంకె ఇచ్చే 'వాల్యూ' రెండిటినీ ఇక వాడొద్దంది. ఇదంతా రూపానికి సంబంధించింది, సీఎస్ఎస్ చూసుకుంటుంది అని దాని ఉద్దేశం. 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్ 5 వాటిని వెనక్కి తెచ్చింది. ఎందుకంటే కొన్ని అంకెలు రూపం కాదు, అర్థం. మా కొల్లేరు వాళ్లని అడగండి. 1999లో అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు దాకా అన్నారు. ఆ 5 మారితే ఎవరి చెరువు ఉంటుందో, ఎవరిది పోతుందో మారిపోతుంది. చట్టంలో సెక్షన్, పొలం సర్వే నంబరు కూడా అంతే.

నా పేజీలో జరిగింది ఇదే. డాక్యుమెంటేషన్ థీమ్ అంటే పేజీకి రెడీమేడ్ బట్టలు. నేను మార్క్‌డౌన్‌లో ప్రతి మెట్టు ముందూ 1 అనే కొట్టాను, లెక్క అదే చూసుకుంటుంది కదా అని. మధ్యలో ఫొటో అంచుకి ఆనించి పెట్టేసరికి జాబితా తెగింది. దారం తెగిన తాటాకుల కట్ట! ఇది ఏ సీఎస్ఎస్‌తోనూ దాచే జబ్బు కాదు. ఫొటో లైన్‌ని నాలుగు స్పేసులు లోపలికి జరిపి మూడో మెట్టులో కలిపాను. అంకెలు 1 నుంచి 6 దాకా సరిగ్గా వచ్చాయి.

ఆ ఊపులో తెలుగు అంకెలు కూడా పెట్టేశాను. బాబాయి ఎండలో ఫోను దూరంగా పట్టుకుని, "ఇది రెండా మూడా?" అన్నాడు. నిజమేనండి. ౨, ౩ చిన్న సైజులో కవల పిల్లల్లా ఉంటాయి. స్కూల్లో రోజూ వాడితే తేడా కంటికి అలవాటయ్యేది. వాడలేదు. తీసేసి 1 2 3 పెట్టాను. మనసు కొంచెం చివుక్కుమంది. కానీ కరెంటు దగ్గర భాషాభిమానం చూపించలేం. పద్యాల పేజీకి మాత్రం ౧ ౨ ౩ ఉంచాను, అక్షరం పెద్దది చేసి. అక్కడ తప్పు చదివినా చెయ్యి కాలదు.

ఇంకొక్కటి. సూడో ఎలిమెంట్‌తో గీసిన అంకె తెరమీద కనిపిస్తుంది కానీ, కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే రాదు. అందుకే మనుషులు ఒకరికొకరు చెప్పుకునే అంకె అయితే, సెక్షన్ నంబర్ లాంటిది, దాన్ని అక్షరాల్లోనే రాసెయ్యండి. వరస చూపిస్తే చాలనుకుంటే సీఎస్ఎస్‌కి వదిలెయ్యండి.

తాటాకు మీద అంకె గీసినాయన ముందు తరాల కోసం గీశాడు. మనం గీసేది చెరువు గట్టు మీద ఫోను పట్టుకున్న మనిషి కోసం. పేజీ పెట్టాక ఒకసారి ఫోన్లో తెరిచి, మొదటి నుంచి చివరిదాకా అంకెలు లెక్కపెట్టుకోండి. అర నిమిషం పని. ఉంటానండి.