తాబేలు చూసింది, చెప్పవలసింది మనము



2024 మార్చి నెలలో హైదరాబాదు నెహ్రూ జూపార్కులో ఒక మగ తాబేలు చనిపోయింది. అది గాలాపాగస్ దీవుల జాతికి చెందిన పెద్ద తాబేలు. వయస్సు సుమారు 125 ఏళ్ళని జూ అధికారులు చెప్పారు. 1963లో దానిని పబ్లిక్ గార్డెన్స్ నుండి జూకు తెచ్చారు.

ఆ ఒక్క జీవితకాలములో ఎంత జరిగిందో చూడండి. అది పిల్లగా ఉన్ననాడు హైదరాబాదును ఆరవ నిజాము ఏలుతున్నాడు, మన పల్నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడింది. 1908లో మూసీ వరద వచ్చింది. 1948లో నిజాము పాలన ముగిసింది. 1956లో తెలుగువారు ఒక రాష్ట్రమయ్యారు, 2014లో రెండయ్యారు. తాబేలుకు మాత్రం అదే గడ్డి, అదే నడక.

దానికంటే పెద్దది సెయింట్ హెలీనా దీవిలోని జొనాతన్. మన బైబిల్లో యోనాతాను అన్న పేరే అది. 1882లో ఆ దీవికి తెచ్చేనాటికే అది పూర్తిగా ఎదిగి ఉంది, కాబట్టి 1832 ప్రాంతములో పుట్టి ఉంటుందని లెక్కకట్టారు. 2022లో దానికి 190వ పుట్టినరోజు చేశారు.

ఇప్పుడు మన లెక్క చూద్దాము. ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. ఆయన పల్నాడుకు వచ్చి గురజాలలో ఉండి సువార్త ప్రకటించింది 1849లో. అంటే పల్నాటి మిషను చరిత్ర అంతా జొనాతన్ అనే ఒక్క తాబేలు ఆయుష్షులో ఇమిడిపోయింది! మనకు ఎంతో పాతదిగా కనిపించే మన సంఘ చరిత్ర నిజానికి అంత చిన్నది.

అయితే తాబేలు సాక్ష్యములో ఒక లోటు ఉంది. అది చూస్తుంది, చెప్పలేదు. పూర్వము ఓడలవాళ్ళు గాలాపాగస్ తాబేళ్ళను ప్రాణాలతోనే ఓడల్లో పడవేసుకునేవారు. మేత, నీళ్ళు లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి గనుక కావలసినప్పుడు కోసుకు తినేవారు. ఆ అన్యాయాన్ని ఏ తాబేలూ చెప్పలేదు, రాసింది మనుషులే. జొనాతన్ వయస్సు తెలిసిందీ మనుషులు దాచిన కాగితాల వల్లనే.

మోషే ప్రార్థనగా చదువుకునే 90వ కీర్తన మనిషికి డెబ్బదియో ఎనుబదియో ఏళ్ళే లెక్కగడుతుంది. కానీ దేవుడు నాలుక ఇచ్చింది ఆ పొట్టి ఆయుష్షు గలవానికే. యొర్దాను దాటినప్పుడు యెహోషువ పన్నెండు రాళ్ళు నిలబెట్టించాడు. రాళ్ళు నిలిచి ఉంటే చాలదు, పిల్లలు అడగాలి, పెద్దలు చెప్పాలి అన్నది అక్కడి ఏర్పాటు.

మన సంఘాల్లో ఇప్పుడు జరుగుతున్నది ఏమిటి? నాగార్జునసాగర్‌కు 1955లో పునాది వేశారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఆనాడు పదేళ్ళ పిల్లలైనవారు ఇప్పుడు డెబ్బైకి చేరుకున్నారు. కాలువకు ముందు మెట్ట చేల బ్రతుకు ఎరిగినవారు, తమ తాతలు బాప్తిస్మము పొందినప్పుడు పల్లెలో ఎవరు ఏమన్నారో విన్నవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఒక పెద్దను భూస్థాపన చేసి వచ్చిన ప్రతిసారీ మాకు తెలుస్తున్నది ఇదే: సమాధి రాయి మీద ఒక పేరు, రెండు తేదీలే మిగిలాయి. మధ్యలోని డెబ్బై ఏళ్ళు మట్టిలోకి పోయాయి.

కాబట్టి ప్రియులారా, ఈ ఆదివారము ఆరాధన తరువాత మీ నాయనమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో, తాతయ్య దగ్గరో అరగంట కూర్చోండి. మన ఇంట్లో మొదట ప్రభువును నమ్మింది ఎవరు? మొదటి ప్రార్థన ఏ చెట్టు కింద, ఎవరి వసారాలో జరిగింది? కరువులో ఏమి తిన్నారు? ఈ ప్రశ్నలు అడగండి. చెప్పింది ఫోనులో రికార్డు చేయండి, తేదీ వేసి నోటు పుస్తకములో రాయండి.

వంద ఏళ్ళు చూసి మౌనముగా వెళ్ళిపోవడము తాబేలుకు తప్పు కాదు. మనకు మాత్రము తప్పే. దేవుడు చేసిన మేలులను మన పిల్లలకు చెప్పే కృప ఆయనే మనకు దయచేయును గాక. ఆమేన్.