వార్త – వక్త – విశ్వాసము

ద్రోణపర్వమున నొక ఘట్టము కలదు. మాళవరాజగు ఇంద్రవర్మ యేనుగు పేరు అశ్వత్థామ. భీముడు దానిని చంపి, అశ్వత్థామ చచ్చెనని ద్రోణుడు వినునట్లు కేకవేసెను. ఆ మాట చెవిని బడగానే తండ్రికి అంగములు సడలెను. అయినను కుమారుని పరాక్రమ మెరిగినవాడగుటచే వెంటనే నమ్మక, యుద్ధము సాగించెను. పిమ్మట ధర్మరాజు నడిగెను. తన పక్షమువారు వేలకొలది చుట్టునుండగా శత్రుపక్షపు రాజును అడుగనేల? ముల్లోకముల యాధిపత్యము లభించినను ఈతడు బొంకడని ఆచార్యునికి చిరకాల పరిచయముచే గలిగిన నమ్మకము.

ఈ కథను ధర్మసూక్ష్మమునకే ఉదాహరించుట పరిపాటి. కాని దీనియందు వార్తను గూర్చిన తత్త్వము కూడ ఇమిడియున్నది. వార్తను ముందుగా మోసికొనివచ్చువాడు వేరు, దానిని నిజమని నిలుపువాడు వేరు. మొదటి పని భీమునిది. రెండవ పని ధర్మరాజుది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల ప్రజలు నేడు టెలివిజను ముందు కూర్చుండి, ‘బ్రేకింగ్ న్యూస్’ అను ఎర్రపట్టీ కనబడినప్పుడు ఏ చానలు పెట్టుదురు, ఏల పెట్టుదురు అను ప్రశ్నకు సమాధానము ఈ భేదమునందే దొరకును. అయితే ఈ అలవాటు టెలివిజనుతో బుట్టినది కాదు. దాని పూర్వచరిత్ర కొంత తెలిసిన గాని నేటి సంగతి బోధపడదు.

కుంపిణీ కాలమున పల్లెకు వార్త దండోరాగా వచ్చెడిది. తలారి చెప్పినది సర్కారు మాట. సంతనుండి వచ్చినవాడు చెప్పినది లోకము మాట. రెండును ఒక్కటైన దినములు తక్కువ. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరితీసిరి. అటుపిమ్మట ఆయన శిరస్సును కోటగుమ్మమున వ్రేలాడగట్టిరి. అది క్రౌర్యమే, సందేహము లేదు. అయినను దానిలో కుంపిణీవారి భయము కూడ కనబడుచున్నది. ఉరి జరిగెనని దండోరా వేయించిన చాలునని వారు తలపలేదు. తమ మాటను ఈ సీమ ప్రజలు నమ్మరని వారికి తెలిసియుండవలెను.

పత్రికలు వచ్చిన తరువాత నమ్మకము అచ్చుకెక్కినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ‘ఆంధ్రపత్రిక’ 1914లో మద్రాసున దినపత్రిక యయ్యెను. ఆ సంవత్సరముననే బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగినది. ఈ రెండును ఒకే యేట జరుగుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని పల్లెలలో దినపత్రికకు నీడనిచ్చినది గ్రంథాలయమే. 1938లో ‘ఆంధ్రప్రభ’ వచ్చినది. నంద్యాలకు రైలుబండి కలదు గావున పత్రిక ముందుగా చేరెడిది. ఆళ్లగడ్డకు నేటికిని రైలు లేదు. సుమారు నలువది కిలోమీటర్ల దూరము బస్సుపై పోవలసినదే. ఒకరు చదువ పదిమంది వినుట, విన్నవారిలో వాదము పుట్టినప్పుడు ‘పత్రిక తెచ్చి చూపుము’ అనుట ఆనాటి మర్యాద. పత్రిక ఆలస్యముగ వచ్చినదని దానిపై ఎవరికిని కోపము లేదు. ఆలస్యమైనకొలది వార్త పండునని కూడ కొందరి తలంపు.

రేడియోతో పరిస్థితి మారినది. 1948లో విజయవాడయందును, 1963లో కడపయందును ఆకాశవాణి కేంద్రములు నెలకొనెను. ఢిల్లీనుండి తెలుగు వార్తలు వచ్చెడివి. తరువాత గొప్ప నటుడై పేరుగాంచిన కొంగర జగ్గయ్యగారు మొదట అక్కడ వార్తలు చదివినవారే. ఆ కంఠముల గాంభీర్యమే సగము ప్రమాణము. కాని శ్రోతకు ఎన్నుకొనుటకు అచట రెండవది లేదు. ఉన్నది ఒక్కటే గొంతు, అది సర్కారుది. 1984 అక్టోబరు 31వ తేదీ ఉదయమున ఇందిరాగాంధీపై కాల్పులు జరిగెను. ఆమె మరణవార్తను బి.బి.సి. మధ్యాహ్నమే చెప్పగా, ఆకాశవాణి సాయంకాలము వరకు చెప్పలేదు. దేశమందు అల్లరులు పుట్టునన్న భయముచే ఆపిరి కావచ్చును. అయినను దేశప్రజలలో అనేకులు ఆ దినముననే మొదటిసారిగా ఒక సంగతి గ్రహించిరి: అబద్ధము చెప్పనివాడు సైతము నిజమును దాచియుంచగలడు.

హైదరాబాదు దూరదర్శన్ 1977లో ప్రారంభమైనది. 1995లో ‘ఈటీవీ’, ‘జెమిని’ ప్రసారములు మొదలైనవి. అదే సంవత్సరమున కేబులు ప్రసారములను క్రమబద్ధము చేయు చట్టమును పార్లమెంటు చేసినది. వీధివీధినా స్తంభములమీదుగా నల్లని తీగ ప్రాకెను. రాత్రి తొమ్మిది గంటల వార్తలకు ఇంటిల్లిపాది కూర్చుండుట అలవాటైనది. ఆ దశలో ఎన్నిక ఇంటి పత్రికను బట్టి నడచెను. ఏ ఇంట ఏ పత్రిక వచ్చునో, ఆ కుటుంబపు చానలే ఆ ఇంట వార్తలకు పెట్టబడెడిది. 2004లో ‘టీవీ9’ వచ్చి ఇరువదినాలుగు గంటలును వార్తలే చెప్పుట ప్రారంభించినది. 2007లో ‘ఎన్‌టీవీ’, ‘టీవీ5’, 2009లో ‘హెచ్.ఎం. టీవీ’, ‘సాక్షి’, ‘ఏ.బి.ఎన్. ఆంధ్రజ్యోతి’ వచ్చినవి. అయిదారు సంవత్సరములలో ఒక్క భాషలో ఇన్ని వార్తాచానళ్లు పుట్టుట విశేషమే. రాజ్యమందు పక్షములు ఎన్నియో చానళ్లును అన్నియై, ఏ చానలు ఎవరిదన్న సంగతి పశువుల కాపరికి కూడ తెలిసినది.

ఇన్ని చానళ్లకును పరీక్షాదినము 2009 సెప్టెంబరు 2, బుధవారము. నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ఉదయము ఎనిమిదిన్నర దాటిన తరువాత బేగంపేటనుండి హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరిరి. పోవుచున్నది ‘రచ్చబండ’ కార్యక్రమమునకు. రచ్చబండ యనగా పూర్వము పల్లెలో వార్తలు పుట్టెడి చోటు. పేరు ఎంత చిత్రముగ కుదిరినదో చూడుడు. తొమ్మిదిన్నర ప్రాంతమున హెలికాప్టరుతో సంబంధము తెగిపోయెను. నల్లమలపై మబ్బు, వాన. అందు ముఖ్యమంత్రిగారితో కలిపి అయిదుగురు.

ఆ దినమంతయు నంద్యాల సీమవారికి కలిగిన అవస్థ ఇతర ప్రాంతములవారిది వంటిది కాదు. చానళ్లు పటములో చూపుచున్న అడవి వీరి పెరటి యడవి. ఆత్మకూరు, వెలుగోడు, రుద్రకోడూరు అను పేర్లు వీరి బంధువుల యూళ్లు. మంత్రి చెప్పెనని ఒక చానలు, అధికారి చెప్పెనని ఒక చానలు. ముఖ్యమంత్రి క్షేమముగ దిగి రోడ్డు మార్గమున వచ్చుచున్నారను వార్త కూడ ఆ పూట కొన్ని చానళ్లలో కనబడినది. విన్నవారు ఊపిరి పీల్చుకొనిరి; కొంతసేపటికి ఆ ఊపిరి మరల బిగిసినది. గాలించుటకు కేంద్ర పోలీసు దళములును, అడవి యెరిగిన చెంచులును కదలిరి. విమానదళమువారు సుఖోయ్ విమానమును కూడ పంపిరి. మరునాడు ఉదయము పావురాలగుట్టపై శకలములు కనబడెను. అయిదుగురిలో ఎవరును మిగులలేదు.

ఆ ఇరువదినాలుగు గంటలలో ప్రేక్షకులు నేర్చుకొన్న పాఠము ఒకటున్నది. దానిని పండితులెవరును బోధింపలేదు. ఇష్టమైన చానలు చెప్పిన మంచివార్తను నమ్మరాదు. కష్టము కలిగించు వార్తను ఇష్టమైన చానలే చెప్పినచో అది నిజము. ఆ నాయకునికి అనుకూలమగు చానలును, ప్రతికూలమగు చానలును మార్చిమార్చి చూచినవారు, రెండిటను ఒక్కటే మాట వచ్చువరకు లేవలేదు. అడంగలును, చిట్టాయు సరిపోలినప్పుడే లెక్క ముగిసినట్లు. ద్రోణుడు శత్రుపక్షపు రాజునే యడుగుటలోని మర్మము ఇదియే గదా.

ఇక మామూలు దినములలో ఎన్నికకు కారణము లింత గంభీరములు కావు. నంద్యాల పట్టణమున అగ్నిప్రమాదము జరిగినను, కుందూనది పొంగినను, అహోబిలపు దారిలో బస్సు బోల్తాపడినను ప్రజలు చూచునది పేరుమోసిన చానలును కాదు, అభిమాన చానలును కాదు. ఏ చానలు విలేకరి ఆ ఊరిలో నుండునో దానిని. విలేకరి ముఖము తెలిసినది. తప్పు చెప్పినచో మరునాడు టీ అంగడివద్ద నిలదీయవచ్చును. ఊరి పేరు సరిగా పలుకుటయు పెద్ద ప్రమాణమే. ‘ఆళ్లగడ్డ’లోని ళకారమును లకారముగ పలికిన చదువరి ఆ పూటకు ఈ సీమలో విశ్వాసము గోల్పోవును. ఇది చిన్నమాట వలె దోచును గాని, తన యూరి పేరు తెలియనివానికి తన యూరి సంగతి తెలియునని ఎవడు నమ్మును?

త్వరితముయొక్క కీడు ఎంతటిదో 2010 జనవరి 7వ తేదీ రాత్రి తెలిసినది. విదేశపు వెబ్‌సైటులో వచ్చిన ఒక ఊహాకథను ఆధారముగ గొని, ఆ హెలికాప్టరు ప్రమాదము వెనుక ఒక పెద్ద వ్యాపారసంస్థ కుట్ర కలదని ఒక తెలుగు వార్తాచానలు చెప్పెను; మరికొన్ని అందుకొనెను. ఆ రాత్రియే రాష్ట్రమందు పెక్కుచోట్ల ఆ సంస్థ అంగళ్లపై దాడులు జరిగినవి. పాత్రికేయులు అరెస్టయిరి. దుఃఖములోనున్న జనులకు శత్రువు నొకని చూపుట నిప్పుకు గాలి తోడగుటయే. ఆ వార్తను నమ్మినవారు మూర్ఖులనుట న్యాయము కాదు; నాలుగు నెలలుగ కారణము తెలియక తపించుచున్నవారు వారు. తప్పు చెప్పినవారియందు అంతకంటె ఎక్కువగ నున్నది.

ఆళ్లగడ్డకు తనదైన కాళరాత్రి 2014 ఏప్రిల్ 23. శాసనసభ్యురాలు శోభా నాగిరెడ్డిగారు నంద్యాలలో ఎన్నికల ప్రచారము ముగించి ఆళ్లగడ్డకు మరలుచుండగా కారు ప్రమాదమునకు గురియై, మరునాడు హైదరాబాదు ఆసుపత్రిలో మరణించిరి. పోలింగు మే 7వ తేదీన, ఆమె పేరు ఓటుపత్రమున నిలిచియే యుండెను, ఆమెయే గెలిచిరి. పక్షభేదములు తరతరములుగ పాతుకొన్న నియోజకవర్గ మది. అట్టి చోట ఒకరి ఇంటి విషాదమును ఇంకొకరి చానలు చెప్పునప్పుడు, వార్తకంటె చెప్పు తీరును జనులు తూకము వేయుదురు. మాటలో సంతాపమున్నదా, సందు దొరకినదన్న సంబరమున్నదా? ఈ పరీక్షలో ఓడిన చానలును మరల పెట్టనివారు కలరు.

ఎన్నికల లెక్కింపు దినము మాత్రము వేరు. భూమా నాగిరెడ్డిగారు 2017 మార్చిలో మరణింపగా నంద్యాలకు ఆగస్టు 23న ఉపఎన్నిక జరిగినది. 28న భూమా బ్రహ్మానందరెడ్డిగారు 27 వేలకు పైగా ఆధిక్యముతో గెలిచిరి. ఆ దినమున అంకెలు అన్ని చానళ్లకును ఒక్కచోటనుండియే వచ్చును గనుక నిజమునకై వెదుకులాట లేదు. గెలుచుచున్నవారు తమ చానలు పెట్టుకొనిరి. ఓడుచున్నవారు టీవీ కట్టిరి. 1991లో పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా నుండి ఇచటనుండి సుమారు 5 లక్షల 80 వేల ఆధిక్యముతో లోకసభకు ఎన్నికైన వార్తను ఈ సీమవారు రేడియోలోను, దూరదర్శన్‌లోను, పత్రికలలోను మాత్రమే తెలిసికొనిరి. నాడు మార్చుటకు చానలు లేదు; ఆ దినమున మార్చవలసిన అవసరమును అంతగా లేదు.

ప్రేక్షకుడే సర్వస్వతంత్రుడై ఎన్నుకొనుచున్నాడనుట కూడ పూర్తిగా నిజము కాదు. తీగ కేబులువారిది. ఏ చానలును ముందు వరుసలో పెట్టవలెనో, ఏది వెనుకకు నెట్టవలెనో వారి చేతిలోనిది. 2014 జూన్‌లో తెలంగాణమున రెండు తెలుగు వార్తాచానళ్లను కేబులు సంస్థలు నిలిపివేసినవి. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశమున ప్రభుత్వము మారిన వెంటనే మరికొన్ని చానళ్లు తెరలనుండి మాయమైనవి. ఢిల్లీ హైకోర్టు వరకు వివాదము పోయినది. ఒక ప్రభుత్వము పోగా ఒకరి చానలు, ఇంకొకటి పోగా ఇంకొకరి చానలు. పంటకాలువకు తలుపు దించినవాడే దిగువ పొలము ఏల ఎండెనని అడిగినట్లున్నది ఈ వ్యవహారము. ఎదుటిపక్షపు చానలు రానినాడు వార్తను సరిపోల్చుకొను దారియే మూసుకొనిపోవును గనుక, ఆ చానలును ద్వేషించువాడు కూడ ఇందు నష్టపోయినవాడే.

ఏ చానలుకు ఎందరు ప్రేక్షకులో లెక్కించుటకు కొన్ని ఇండ్లలో యంత్రములు పెట్టుదురు. ఆ లెక్కలలో మోసము జరిగినదన్న ఆరోపణలపై 2020 అక్టోబరునుండి 2022 మార్చి వరకు వార్తాచానళ్ల లెక్కలు ప్రకటించుటయే ఆపిరి. లెక్క సరియైనను అది చెప్పునది టీవీ ఏ చానలుపై నిలిచినదను సంగతి మాత్రమే. చూచువాడు నమ్మి చూచుచున్నాడా, శత్రువేమనుచున్నాడో తెలిసికొనుటకు చూచుచున్నాడా అన్నది యంత్రమునకు తెలియదు.

ఇప్పుడు భీముని పని చరవాణిది. కేక ముందు అందునుండియే వచ్చును. వాట్సాపులో మరణవార్త వచ్చినచో ఇంటివారు టీవీ పెట్టుదురు. ఒక చానలు చెప్పినచో రెండవదానికి మార్తురు. రెండును చెప్పినను మనసొప్పనివారు ఆ యూరిలోని బంధువునకు ఫోను చేయుదురు. రాత్రియంతయు టీవీ ముందు కూర్చుండినవారే మరునాటి ఉదయము గ్రంథాలయమునకు వచ్చి, జిల్లా పుట ఎవరి చేతిలో నున్నదని యడుగుదురు.