ఇంగ్లండులో ఫ్రెంచి భాషాభ్యాసం: పదజాలం, వ్యాకరణం, శ్రవణం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఫ్రెంచి పదాలు చూడగానే పరిచితంగా కనిపిస్తాయి. వింటే మాత్రం పరాయివిగా తోస్తాయి. ఈ అంతరాన్ని పూడ్చడానికి 13వ శతాబ్ది నుంచి నేటి వరకు ఇంగ్లండులో పాఠ్యగ్రంథాలు, బోధనపద్ధతులు చేసిన ప్రయత్నాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. పదజాలం, వ్యాకరణం, శ్రవణం అనే మూడింటిలో శ్రవణమే ఆధునిక పాఠశాలలో ఎక్కువ ఉపేక్షకు గురైందనీ, అందుకు భాషాస్వభావం కంటే పరీక్షావిధానమే ప్రధానకారణమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫ్రెంచి బోధన, ఇంగ్లండు, పదజాలం, వ్యాకరణం, శ్రవణనైపుణ్యం, పరీక్షలు.

1. ప్రవేశిక

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత అక్కడి రాజాస్థానంలో, ప్రభువర్గంలో, క్రమంగా న్యాయస్థానాల్లో ఫ్రెంచి వ్యవహారభాష అయింది. ఆ సంపర్కం ఫలితంగా నేటి ఇంగ్లీషు నిఘంటువులోని పదాల్లో పావువంతుకు పైగా ఫ్రెంచి నుంచి వచ్చినవే. తెలుగువారికీ తెలిసిన 'వార్డెన్', 'గార్డియన్' అనే మాటలు ఒకే పదానికి రెండు రూపాలు. మొదటిది నార్మన్ మాండలికం ద్వారా, రెండవది మధ్య ఫ్రాన్సు మాండలికం ద్వారా ఇంగ్లీషులో చేరాయి.

ఈ బంధుత్వం చదువరికి మేలు చేస్తుంది. అయితే అందులో మోసమూ ఉంది. ఫ్రెంచిలో 'లిబ్రేరీ' అంటే గ్రంథాలయం కాదు, పుస్తకాల దుకాణం. ఇటువంటి పదాలకు 'కపటమిత్రులు' అనే అర్థం వచ్చే పేరును 1928లో కెస్లర్, దెరోకిన్యీ అనే ఇద్దరు ఫ్రెంచి పండితులు తమ గ్రంథం ద్వారా ప్రచారంలోకి తెచ్చారు.

అసలు చిక్కు వినడంలో ఉంది. ఫ్రెంచిలో పదాంతహల్లులు చాలావరకు రాతకే పరిమితం. పురుగు, ఆకుపచ్చ రంగు, గాజు, వైపు, పద్యపాదం అనే అర్థాలు గల పదాలన్నీ చెవికి 'వెర్' అనే వినిపిస్తాయి. రాసి పలకని హల్లు తరువాతి పదం అచ్చుతో మొదలైతే మాత్రం పైకి వస్తుంది: 'స్నేహితులు' అనే అర్థంలో 'లె', 'అమీ' కలిసి 'లెజామీ' అవుతాయి. అచ్చు పరమైనప్పుడు ద్రుతం నిలిచే తెలుగు పద్ధతి తెలిసినవారికి ఇది వింత కాదు. ప్రతి పదానికీ ప్రత్యేకమైన ఊనిక ఉండే ఇంగ్లీషుకు అలవాటుపడిన చెవి మాత్రం, ఊనిక పదసముదాయం చివర పడే ఫ్రెంచిలో ఒక మాట ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలైందో పోల్చుకోలేదు.

2. వారసత్వభాష నుంచి పరభాషగా

ఫ్రెంచి నేర్పడానికి ఇంగ్లండులో రచించిన తొలి గ్రంథాల్లో వాల్టర్ ఆఫ్ బిబ్స్‌వర్త్ కూర్చిన 'త్రెతీజ్' ముఖ్యమైనది. ఇది 13వ శతాబ్ది మధ్యకాలం నాటిది. దియొనీజ్ దె మున్షెన్సీ అనే ప్రభుస్త్రీ తన పిల్లలకు ఫ్రెంచి నేర్పుకోవడానికి ఆయన దీన్ని పద్యరూపంలో రాశాడు. శిశుజననంతో మొదలై శరీరభాగాలు, పశుపక్ష్యాదుల అరుపులు, వ్యవసాయం, వంట, విందు వరకు సాగే ఈ గ్రంథంలో పంక్తుల మధ్య ఇంగ్లీషు అర్థాలు కనిపిస్తాయి. ప్రభువుల ఇళ్లలోనూ ఫ్రెంచి అప్పటికే నేర్చుకోవలసిన భాషగా మారిందనడానికి ఈ అర్థాలే సాక్ష్యం.

ఈ గ్రంథంలోని బోధనపద్ధతి గమనార్హం. పెదవి, కుందేలు, పౌను, పుస్తకం అనే అర్థాలు గల నాలుగు పదాల ఉచ్చారణ దాదాపు ఒకటే. వాటిని వేరుచేసేది పదస్వరూపంలోని స్వల్పభేదం, ముందు వచ్చే లింగసూచక ఉపపదం. బిబ్స్‌వర్త్ వాటిని ఒకచోట చేర్చి, వినేవారు తేడా పట్టుకునేలా చేశాడు. అంటే పదజాలం, వ్యాకరణం, శ్రవణం ఆయన దృష్టిలో మూడు వేర్వేరు పాఠాలు కావు.

14వ శతాబ్దిలో పరిస్థితి మారింది. ఫ్రెంచి జనానికి బాగా తెలియని భాష కనుక న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362 నాటి చట్టం నిర్దేశించింది. ఆ చట్టాన్ని మాత్రం ఫ్రెంచిలోనే రాశారు. పాఠశాలల్లో పిల్లలు లాటిన్‌ను ఫ్రెంచిలోకి కాక ఇంగ్లీషులోకి అనువదిస్తున్నారని 1385లో జాన్ ట్రెవీసా నమోదు చేశాడు. 1396 నాటికి వెలువడిన 'మానియేర్ దె లాంగాజ్' అనే సంభాషణల పుస్తకం ప్రయాణికుల కోసం ఉద్దేశించినది. సత్రంలో బస, దారి అడగడం, బేరమాడడం అందులోని విషయాలు.

3. నియమమా, సంభాషణా?

16వ శతాబ్దిలో రెండు మార్గాలు స్పష్టంగా ఎదురుపడ్డాయి. ఎనిమిదవ హెన్రీ చెల్లెలు మేరీకి ఫ్రెంచి నేర్పిన జాన్ పాల్స్‌గ్రేవ్ 1530లో వెయ్యి పుటలు మించిన ఫ్రెంచి వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రకటించాడు. అందులో ఉచ్చారణ నియమాలు, భాషాభాగాల వివరణ, విస్తారమైన పదపట్టికలు ఉన్నాయి. తాను అనుమతించినవారికి తప్ప ఇతరులకు ఆ పుస్తకం అమ్మవద్దని ఆయన ముద్రాపకుణ్ణి కట్టడి చేసినట్లు సమకాలికుల లేఖ ఒకటి తెలుపుతున్నది. అది అందరి చేతికీ చిక్కితే తన ఉపాధ్యాయవృత్తికి నష్టమని ఆయన భయం.

హెన్రీ కుమార్తె మేరీకి గురువైన జైల్స్ డ్యూ వెస్ జన్మతః ఫ్రెంచివాడు. కొద్దికాలానికే వెలువడిన తన పుస్తకంలో ఆయన, పరభాషీయులు ఫ్రెంచికి నియమాలు నిర్దేశించడాన్ని ప్రశ్నించాడు. రాజకుమారి నిత్యజీవితానికి తగిన సంభాషణలను పంక్తుల మధ్య ఇంగ్లీషు అర్థాలతో ఇచ్చాడు. నియమం ద్వారా భాషను చేరాలా, వ్యవహారం ద్వారానా అనే వివాదానికి ఇది తొలి రూపం.

ఈ రెంటినీ కలిపినవాడు మతహింస వల్ల ఫ్రాన్సు విడిచి వచ్చిన క్లాడియస్ హోలీబాండ్. లండన్‌లో సెయింట్ పాల్ ప్రాంగణంలో పాఠశాల నడిపిన ఆయన 1570లలో ప్రకటించిన పాఠ్యపుస్తకాల్లో సంభాషణలకు ప్రాధాన్యమిచ్చి నియమాలను వెనుకకు జరిపాడు. పలకని అక్షరాల కింద చిన్న గుణకారపు గుర్తు ముద్రించే ఏర్పాటు కూడా చేశాడు. ధ్వనిని నిలిపే యంత్రాలు లేని కాలంలో కంటికీ చెవికీ మధ్య వంతెన కట్టడానికి జరిగిన ప్రయత్నంగా దీన్ని గుర్తించాలి. తరువాత 1611లో కాట్‌గ్రేవ్ ఫ్రెంచి-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1685లో ఫ్రాన్సు ప్రొటెస్టంట్ల మతస్వేచ్ఛను రద్దుచేసినప్పుడు వచ్చిన శరణార్థుల వల్ల ఇంగ్లండులో ఫ్రెంచి ఉపాధ్యాయుల సంఖ్య మరింత పెరిగింది.

4. పరీక్షల యుగం

19వ శతాబ్దిలో ఫ్రెంచి పాఠశాల విషయంగా స్థిరపడింది. విద్యాగౌరవం కోసం అది లాటిన్‌తో పోటీపడవలసి వచ్చింది. అందుకు లాటిన్ బోధనపద్ధతినే అనుసరించింది. నియమం కంఠస్థం చేయడం, విడివాక్యాలను అనువదించడం పాఠమయ్యాయి. 1858లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలు పాఠశాల విద్యార్థులకు ప్రారంభించిన స్థానిక పరీక్షలు రాతకు మరింత బలమిచ్చాయి. ముద్రిత ప్రశ్నపత్రాన్ని ఏ ఊరికైనా పంపవచ్చు; ఉచ్చారణను పంపే సాధనం అప్పటికి లేదు.

దీని పర్యవసానం వ్యాకరణంలోనే కనిపిస్తుంది. 'అతడు మాట్లాడతాడు', 'వారు మాట్లాడతారు' అనే రెండు వాక్యాల క్రియలకు రాతలో వేర్వేరు ప్రత్యయాలున్నా రెండూ 'ఇల్ పార్ల్' అనే వినిపిస్తాయి. అదే 'ప్రేమించు' అనే క్రియ అచ్చుతో మొదలవుతుంది కనుక ఏకవచనం 'ఇలెమ్', బహువచనం 'ఇల్‌జెమ్' అవుతాయి. బహువచనాన్ని తెలిపేది నడుమ వచ్చిన జకారమే. ప్రత్యయాల పట్టికను తప్పులేకుండా రాసిన విద్యార్థికి ఈ జకారం వినిపించకపోతే, అతనికి రాతవ్యాకరణం వచ్చింది గాని మాటవ్యాకరణం రాలేదు.

5. శ్రవణానికి పునఃప్రాధాన్యం

1882లో జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ ఫియెటోర్ భాషాబోధన తిరగబడాలని కోరుతూ కరపత్రం ప్రకటించాడు. 1886లో పాల్ పాసీ పారిస్‌లో ధ్వనిశాస్త్ర ఉపాధ్యాయుల సంఘాన్ని స్థాపించాడు. అంతర్జాతీయ ధ్వనిలిపి ఆ సంఘం కృషిఫలమే. పాసీ వద్ద అభ్యసించిన డేనియల్ జోన్స్ 1907 నుంచి లండన్‌లో ధ్వనిశాస్త్రం బోధించాడు. గ్రామఫోన్ పలకలు, 1920లలో రేడియో పాఠాలు ఫ్రెంచివారి గొంతును ఇంటికే చేర్చాయి.

పదజాలంలో మార్పు ఫ్రాన్సు నుంచి వచ్చింది. జార్జ్ గుగెనెమ్ బృందం 1950లలో 275 మంది మాటలను 163 ధ్వనిముద్రణల్లో సేకరించి, 3 లక్షలకు పైగా పదప్రయోగాలను లెక్కించింది. అయితే 'ఫోర్కు' వంటి, అందరికీ తెలిసిన మాటలు ఆ లెక్కలో అరుదుగానే వచ్చాయి. సందర్భం వస్తే తప్ప పలకని ఇటువంటి పదాలను 'అందుబాటు పదాలు'గా వేరే సేకరించవలసి వచ్చింది. బిబ్స్‌వర్త్ పద్యాల్లోని ఇంటిసామాను, వంటింటి మాటలు ఈ కోవకు చెందినవే కావడం విశేషం.

6. 1974 నివేదిక

బ్రిటన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలకు 8వ ఏట నుంచే టేప్‌రికార్డర్ సాయంతో ఫ్రెంచి నేర్పే ప్రయోగం 1964లో మొదలైంది. క్లేర్ బర్‌స్టల్ నాయకత్వంలో జరిగిన మూల్యాంకనం 1974లో వెలువడింది. త్వరగా మొదలుపెట్టినవారు 16వ ఏటికి, 11వ ఏట మొదలుపెట్టినవారి కంటే చెప్పుకోదగినంత ముందంజలో లేరని అది తేల్చింది. ఈ ఫలితాన్ని అపజయంగా భావించి చాలా పాఠశాలలు ప్రాథమికస్థాయి ఫ్రెంచిని విరమించుకున్నాయి. అదే నివేదికలో మరొక అంశముంది. చిన్నప్పుడు మొదలుపెట్టినవారి ఆధిక్యం ఒక్క నైపుణ్యంలో చివరిదాకా నిలిచింది, అది శ్రవణం. ఇంగ్లీషువారికి అత్యంత కష్టమైన నైపుణ్యంలో నిలిచిన లాభాన్ని మొత్తం లెక్కలో స్వల్పంగా ఎంచడం, శ్రవణానికి అప్పటి విద్యావ్యవస్థ ఇచ్చిన విలువను తెలియజేస్తుంది.

తరువాతి పరీక్షల్లో శ్రవణానికి పఠన, లేఖనాలతో సమానమైన మార్కులు దక్కాయి. కాని 2004 నుంచి ఇంగ్లండులో 14వ ఏటి తరువాత పరభాష నిర్బంధం కాకపోవడంతో ఫ్రెంచి అభ్యర్థుల సంఖ్య తగ్గింది. 2024లో బోధన ప్రారంభమైన కొత్త పాఠ్యప్రణాళిక ప్రాథమికశ్రేణికి 1,200, ఉన్నతశ్రేణికి 1,700 పదాలను ప్రధానంగా వాడుక తరచుదనం ఆధారంగా నిర్ణయించి, విని రాసే పరీక్షను కూడా చేర్చింది. విన్నదాన్ని రాతగా మార్చే ఈ పరీక్ష హోలీబాండ్ గుర్తుకు మరోవైపు. పదాల ఎంపికలో మాత్రం గుగెనెమ్ ఎదుర్కొన్న 'ఫోర్కు' సమస్య మళ్లీ తలెత్తక తప్పదు.

7. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి.

1. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల పదబంధుత్వం పఠనానికే ఎక్కువ ఉపకరిస్తుంది. శ్రవణానికి దాని సాయం స్వల్పం.

2. తొలి బోధకులు చెవిని విస్మరించలేదు. పరీక్షించడానికి అనువైనదే పాఠమైనప్పుడు శ్రవణం వెనుకబడింది.

3. ఫ్రెంచి వ్యాకరణంలో వచనం, లింగం వంటి అంశాలను చెవితోనూ నేర్పకపోతే ఆ జ్ఞానం సగమే అవుతుంది.

ఇంగ్లీషు మాధ్యమంలో ఫ్రెంచి నేర్చుకునే తెలుగు విద్యార్థులకూ ఈ చరిత్ర ప్రయోజనకరం. వారి చేతికి వచ్చే పుస్తకాల్లో ఇంగ్లీషు చెవికి కలిగే ఇబ్బందులే సాధారణంగా వివరణకు ఆధారం. సంధి తెలిసిన, నువ్వు-మీరు భేదం పాటించే తెలుగువారికి ఫ్రెంచిలోని పదసంయోగం, గౌరవవాచకం కొత్తవి కావు. నిర్జీవవస్తువులకూ పుంస్త్రీలింగాలు ఉండడం మాత్రం వారికి కొత్త. తెలుగు ఆధారంగా ఫ్రెంచి బోధనను రూపొందించేవారు ఈ భేదం నుంచే ఆరంభించవలసి ఉంటుంది.