తుపాకీ మందు ఓడలోనే ఉండిపోయింది

ఓడ తెరచాపలు ఎత్తింది. ఒడ్డున మీరు ఏడుగురు మిగిలారు.

1850 డిసెంబర్. దక్షిణ అమెరికా చిట్టచివర, టియెర్రా డెల్ ఫ్యూగో దీవుల్లో ఒకటైన పిక్టన్ దీవి. ఇక్కడ ఇది ఎండాకాలమే. అయినా గాలి చెవులు కోస్తోంది. తడిసిన బూట్లలో కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. నీళ్లకు అవతల మంచు కరగని కొండలు.

మీ పేరు అలెన్ గార్డినర్. వయసు 56. ఒకప్పుడు బ్రిటిష్ నౌకాదళంలో అధికారి. మొదటి భార్య కన్నుమూశాక ఈ బతుకు ఇక సువార్తకే అనుకున్నారు. జులూల దేశం వెళ్లారు, బొలీవియా వెళ్లారు. ఎక్కడా కాలు నిలవలేదు. ఈ దీవికి కూడా 1848లో ఒకసారి వచ్చి వెనుదిరిగారు. సెప్టెంబర్ 7న లివర్‌పూల్‌లో 'ఓషన్ క్వీన్' ఓడ ఎక్కి, మళ్లీ ఇక్కడే దిగారు. ఆ ఓడ ఇప్పుడు మిమ్మల్ని దించేసి కాలిఫోర్నియా దారి పడుతోంది.

పక్కన ఉన్నవాళ్లను చూడండి. రిచర్డ్ విలియమ్స్, డాక్టరు. జాన్ మెయిడ్‌మెంట్, బైబిలు బోధించేవాడు. ఎర్విన్, వడ్రంగి, మీతో ముందు కూడా వచ్చాడు, రమ్మనగానే మళ్లీ వచ్చాడు. పియర్స్, బాడ్‌కాక్, బ్రయంట్ కార్న్‌వాల్ నుంచి వచ్చిన జాలర్లు. ఎవరినీ బలవంతపెట్టలేదు. అందరూ ఇష్టపడే వచ్చారు.

సామాను లెక్క చూసుకుంటారు. 'పయొనీర్', 'స్పీడ్‌వెల్' అని 26 అడుగుల పడవలు రెండు. వాటి వెనక కట్టుకునే చిన్న దోనెలు రెండు. ఆరు నెలలకు సరిపడా తిండి. ఆ తర్వాత సరుకులతో ఓడ వస్తుంది. తుపాకులున్నాయి, వేటాడుకోవచ్చు.

దీవి మలుపులోంచి పొగ కనిపిస్తుంది. పొగ నీళ్ల మీద కదులుతోంది!

అవి యాఘాన్‌ల దోనెలు. చెట్టు బెరడుతో కుట్టినవి. దోనె మధ్యలో మట్టి పరిచి, దాని మీద నిప్పు ఆరకుండా చూసుకుంటున్నారు. తెడ్డు వేస్తున్నది ఆడవాళ్లు. ఒంటి మీద బట్ట లేనట్టే, సీల్ కొవ్వు మాత్రం మెరుస్తోంది. మీకు ఉన్ని కోటులోనే వణుకు ఆగడం లేదు. వాళ్లలో ఒకామె ఆ నీళ్లలోకే దూకి, అడుగున ఉన్న ఆల్చిప్పలు బుట్టలోకి ఏరుకుని పైకి వస్తోంది.

మీరు వచ్చింది వీళ్ల కోసమే. వీళ్లతో ఏం మాట్లాడతారు? ఒక్క ముక్క రాదు. ఏడుగురిలో ఎవరికీ రాదు.

వాళ్లు దిగుతారు, సామాను తడుముతారు, దొరికింది పట్టుకుపోతారు. మర్నాడు ఇంకా ఎక్కువ మంది. దోనెల్లో ఆడవాళ్లు, పిల్లలు కనిపించడం లేదు. మగవాళ్ల చేతుల్లో ఈటెలు. ఇది పలకరింపా, యుద్ధమా? అడిగే దారి లేదు. రమ్మని పిలిచింది వాళ్లు కాదు. తమ తీరంలో తమ తిండి తాము తింటున్నవాళ్ల దగ్గరికి వచ్చి దిగింది మీరు.

ఈలోగా తుపాకీ మందు కోసం పెట్టెలు విప్పుతారు. ఒకటి విప్పుతారు. ఇంకొకటి. అన్నీ విప్పుతారు. లేదు. ఓషన్ క్వీన్‌లోనే ఉండిపోయింది. మీ దగ్గరున్నది ఒకటిన్నర సీసా.

ఇప్పుడు చెప్పండి. ఉంటారా, తప్పుకుంటారా?

తప్పుకుంటారు. దాక్కునే చోటు వెతుక్కుంటూ పడవలు తీస్తారు. అలల్లో చిన్న దోనెలు రెండూ పోతాయి. ఒక లంగరు పోతుంది. కిందామీదా పడి పెద్ద దీవి తీరాన స్పానియార్డ్ హార్బర్ అనే చోటికి చేరతారు. ఇక్కడ మనుషులు రారు. ఆ మాటకు ఊపిరి పీల్చుకుంటారు.

ఒక్క క్షణం ఆగమని పాఠకులను అడుగుతున్నాను, ఎందుకంటే నా మటుకు నాకు ఈ ఏడాది మొత్తం ఇక్కడే మలుపు తిరిగింది. ఈ చలిలో ఎలా బతకాలో, ఏ రాయి కింద ఏం దొరుకుతుందో, పోటు ఎంతవరకు వస్తుందో భూమ్మీద తెలిసినవాళ్లు యాఘాన్‌లు ఒక్కరే. వాళ్ల నుంచే వీళ్లు పారిపోతున్నారు. వీళ్ల విశ్వాసాన్ని నేను తక్కువ చేయను. ఆకలితో చేతులు వణుకుతున్నా దేవుడికి కృతజ్ఞతలు రాసుకున్న మనుషులు వీళ్లు. ఆ డైరీలు దొంగమాటలు కావు. కానీ ప్రేమించడానికి వచ్చిన మనుషులకు దూరంగా ఉంటేనే క్షేమం అనుకోవలసి వచ్చినప్పుడు, పిలుపు ఎంత నిజమైనదైనా, చేరిన దారి తప్పు దారే.

ఫిబ్రవరి. రాత్రంతా తుఫాను. తెల్లవారేసరికి పయొనీర్ ఒడ్డున చెట్టు దుంగలకు కొట్టుకుని పగిలి ఉంది. ఇక అది పడవ కాదు, బోర్లించుకుని పడుకునే ఇల్లు. ఒక్క స్పీడ్‌వెల్ మిగిలింది.

మార్చి. దాచిన తిండి కోసం ఆ పడవలోనే పిక్టన్ దీవికి తిరిగి వెళతారు. వచ్చే ఓడ మిమ్మల్ని ఎలా వెతుక్కుంటుంది? రాతి మీద రంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాస్తారు: కింద తవ్వి చూడండి, మేం స్పానియార్డ్ హార్బర్‌లో ఉన్నాం. కింద సీసాలో ఉత్తరం పెట్టి పూడుస్తారు. జబ్బు చేసింది, తిండి అయిపోవస్తోంది, ఆలస్యం చేస్తే ఆకలితో పోతాం అని అందులో రాసి ఉంది.

ఫాక్‌లాండ్ దీవులు సముద్రం మీద కొన్ని వందల మైళ్లు. ఒక్క పడవలో ఏడుగురు, అందులో జబ్బుపడ్డవాళ్లు. బయలుదేరతారా, ఓడ కోసం చూస్తారా?

చూస్తారు.

ఏప్రిల్. మే. డాక్టరు విలియమ్స్ అద్దంలో చూసుకోనక్కర్లేదు, నాలుకతో తడిమితే చాలు. చిగుళ్లు ఉబ్బాయి. కాళ్ల మీద నల్లమచ్చలు. స్కర్వీ. పచ్చికూర లేక, పండు లేక వచ్చే జబ్బు. మందు ఏమిటో ఆయనకు తెలుసు. అందుకే ఒడ్డున మొలిచే అడవి సెలెరీ ఆకు దొరికినంత కోసుకొస్తున్నారు. అది చాలడం లేదు.

గుహలో దాచిన తిండిని పోటు వచ్చి కొంత పాడు చేసింది. మిగిలిన దానికి నక్క మరిగింది. ఉన్న కాస్త మందు ఖర్చుపెట్టి దాన్ని కాల్చారు. కాల్చి, తిన్నారు. చేపల వల ఒకటి ఉండేది. మంచుగడ్డలు కొట్టుకొచ్చి చింపేశాయి.

జూన్. ఇక్కడ నడిచలికాలం. రాత్రి పదహారు గంటల పైనే. విడిగా ఉన్న స్పీడ్‌వెల్‌లో డాక్టరు, జాలర్లు పడుకుని ఉన్నారు. 28వ తేదీ రాత్రి బాడ్‌కాక్ తనతో కలిసి ఒక కీర్తన పాడమని డాక్టర్ని అడిగాడు. పాడారు. కొద్దిసేపటికే పోయాడు. మొదటివాడు.

జూలై. ఆల్చిప్పలు, నత్తలు. అవి మింగుడు పడనివాళ్లకు విత్తనాల జావ. తోట వేద్దామని తెచ్చిన విత్తనాలు. రాతికి అంటుకునే నాచును ఉడకబెట్టి జిగురులా చేసుకుంటున్నారు.

ఓడ రాలేదు.

ఆగస్టు 23. ఎర్విన్ పోయాడు.

మూడు నాలుగు రోజులకు బ్రయంట్.

ఇద్దరినీ మెయిడ్‌మెంట్ ఒక్కడే పూడ్చాడు. వాడికీ నిలబడే శక్తి లేదు.

మీరు డాక్టరు దగ్గరికి వెళదామనుకుంటారు. మైలున్నర దూరం. మెయిడ్‌మెంట్ చీలిక కర్రలు రెండు నరికి ఇస్తాడు, చంకల్లో పెట్టుకోమని. లేస్తారు. కొంత దూరం. ఇంకాస్త. కాళ్లు మొరాయిస్తాయి. వెనక్కి వస్తారు.

సెప్టెంబర్. మెయిడ్‌మెంట్ బయటికి వెళ్లాడు. తిరిగి రాలేదు.

దాహం. వాగు దూరం. పడవ చెక్కల మీంచి నీరు చుక్క చుక్కగా కారుతోంది. రబ్బరు బూటు తొడుగు ఒకటి చేతికి తగులుతుంది. కింద పెడతారు. నిండే దాకా ఆగుతారు. తాగుతారు.

పెన్సిలు ఉంది. కాగితం ఉంది. ఆకలి లేదు, దాహం లేదు అని రాస్తారు. తారీకు వేసిన చివరి అక్షరాలు సెప్టెంబర్ 6వి. లివర్‌పూల్ వదిలి ఒక్క రోజు తక్కువ ఏడాది.

అక్టోబర్‌లో విలియమ్ స్మైలీ అనే కెప్టెన్ ఓడ వచ్చింది. 1852 జనవరిలో బ్రిటిష్ యుద్ధనౌక 'డైడో' వచ్చింది. నావికులకు గుహ దగ్గర రాతి మీద దారి చూపే చెయ్యి బొమ్మ, దాని కింద 62వ కీర్తన అంకె కనిపించాయి. ఎండకు వానకు ఓర్చి నిలిచిన కాగితాలు కొన్ని దొరికాయి.

ఆ కాగితాల్లో ఏముందని మీరు అడుగుతారు. ప్రార్థనలున్నాయి. వాటితోపాటు ఒక పథకం ఉంది. ముందు ఫాక్‌లాండ్ దీవుల్లో మకాం పెట్టాలి. యాఘాన్‌లను కొద్దిమందిని అక్కడికి తీసుకొచ్చి, వాళ్ల దగ్గర భాష నేర్చుకోవాలి. సొంత ఓడ ఉండాలి. అప్పుడే ఆ తీరానికి వెళ్లాలి. ఏడాది మొత్తం మీద ఆయన చేసిన అసలు మిషన్ పని ఇదే అంటాను నేను: ఎక్కడ మొదలుపెట్టి ఉండాల్సిందో తన తర్వాతివాళ్లకు రాసిపెట్టడం.

గార్డినర్ మిషన్ సంఘం కార్యదర్శి డెస్పార్డ్ పాదిరి ఆ పథకాన్ని తలకెత్తుకున్నాడు. 1854లో 'అలెన్ గార్డినర్' అనే ఓడ నీళ్లలో దిగింది. అయినా తొందర మానలేదు. 1859 నవంబర్‌లో వులాయా తీరంలో ఆదివారం ఆరాధన జరుగుతుండగా మిషన్ వాళ్లు ఎనిమిది మందిని యాఘాన్‌లు చంపేశారు. ఓడలో ఉన్న వంటవాడు ఒక్కడు బతికాడు.

డెస్పార్డ్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆయన పెంచుకున్న అనాథ కుర్రాడు థామస్ బ్రిడ్జెస్ మాత్రం ఫాక్‌లాండ్స్‌లోని కెప్పెల్ దీవిలోనే ఆగిపోయాడు. వయసు ఇరవై దాటి ఉండదు. అక్కడికి తెచ్చిన యాఘాన్‌ల మధ్య కూర్చుని వాళ్ల మాటలు విన్నాడు, రాసుకున్నాడు, తప్పు పలికితే దిద్దించుకున్నాడు. తర్వాత ఉషుయాయాలో కాపురం పెట్టి ఆ పని జీవితాంతం చేశాడు. సుమారు 32,000 మాటల నిఘంటువు తయారైంది. ఈలోగా 1884లో తట్టు సోకి, ఎవరికోసం ఆ పుస్తకం మొదలైందో వాళ్లే గుంపులు గుంపులుగా రాలిపోయారు. బయటివాళ్లు తెచ్చిన జబ్బది. దాన్ని ఈ కథ నుంచి తీసేసి చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

పుట్టుకతో యాఘాన్ మాట్లాడిన చివరి మనిషి క్రిస్టీనా కాల్దెరాన్ 2022 ఫిబ్రవరి 16న చిలీలో పోయింది, 93 ఏళ్ల వయసులో. అంతకుముందే మనవరాలితో కూర్చుని తమ మాటలతో చిన్న నిఘంటువు ఒకటి తెచ్చింది. అందులోని మాటలు చెప్పింది ఆవిడే.