మ్యాగజైన్ - గిడ్డంగి నుంచి పత్రిక దాకా

మా రైసూత్ పారిశ్రామికవాడలో ఏ వీధిలోకి తిరిగినా గోడల మీద "మఖ్జన్" అని అరబిక్‌లో రాసి కనిపిస్తుంది. పక్కనే సలాలా పోర్టు, ఇక గిడ్డంగులకు కొదవేముంది! మఖ్జన్ అంటే గిడ్డంగే. మీరిప్పుడు చదువుతున్న "మ్యాగజైన్" కూడా ఆ మాటేనంటే నమ్ముతారా?

మఖ్జన్‌కి బహువచనం మఖాజిన్. మధ్యధరా సముద్రపు వర్తకుల నోట పడి అది ఇటాలియన్‌లో "మగజ్జీనో" అయింది, ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషుకి చేరింది. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ దుకాణాన్ని "మగజాఁ" అనే అంటారు. దీని మూలధాతువు ఖ-జ-న, అంటే దాచిపెట్టడం. మన "ఖజానా" కూడా ఆ ధాతువు నుంచే పుట్టి, పారశీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. అంటే ఖజానా, మ్యాగజైన్ దాయాదులన్నమాట! (గోడౌన్ సంగతి దీనికి తిరగేసింది. అది మన గిడ్డంగి, తమిళుల కిడంగు లాంటి దక్షిణాది మాటల నుంచే ఇంగ్లీషుకి వెళ్ళిందని చాలామంది నిఘంటుకారుల అభిప్రాయం.)

మరి కొట్టు పుస్తకమెలా అయింది? సమాచారాన్ని పోగుచేసిన గ్రంథాలకు "ఫలానా విషయాల కొట్టు" అనే అర్థంలో ఈ పేరు పెట్టడం 17వ శతాబ్దంలోనే ఉంది. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ "జెంటిల్మన్స్ మ్యాగజైన్" మొదలుపెట్టాక అది పత్రికలకే పేరైపోయింది. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులో, ఈ అర్థం ఈమధ్య కేవ్ పత్రిక వల్ల వచ్చిందేనని రాశాడు. ఆయన ఆ పత్రికలో పనిచేసినవాడే లెండి.

పాత అర్థం మాత్రం చావలేదు. తుపాకీలో తూటాలుండే పెట్టె మ్యాగజైనే. గనుల్లో పేలుడు పదార్థాలు దాచే కొట్టూ మ్యాగజైనే. దీని దగ్గరే నేను దెబ్బతిన్నాను. ఒక క్వారీకి స్టోర్స్ సాఫ్ట్‌వేర్ రాస్తూ, ఇంగ్లీషు జాబితాలోని "మ్యాగజైన్"ని అరబిక్ తెరమీద "మజల్లా" అని పెట్టేశాను. మజల్లా అంటే చదువుకునే పత్రిక! పరీక్షించేటప్పుడు స్టోర్‌కీపర్ పిలిచి, "ఇందులో ఆఫీసు కాగితాలు పెట్టమంటావా, డిటోనేటర్లు పెట్టమంటావా?" అని అడిగాడు. అందరూ నవ్వారు గానీ నాకు మాత్రం చెమటలు పట్టాయి. కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా తెరమీద చూసిందే నమ్మి ఉంటే?

ఇప్పుడక్కడ "మఖ్జన్ ముతఫజ్జిరాత్" అని ఉంటుంది. పేలుడు పదార్థాల గిడ్డంగి.