జలపాతము నుండి చిన్న విడతలకు: సాఫ్ట్‌వేర్ నిర్మాణ పద్ధతుల చరిత్ర

కంప్యూటరు తనంతట తాను ఏ పనియు చేయజాలదు. ఏ పనిని ఏ క్రమములో చేయవలెనో తెలుపు ఆదేశములను దానికి అందించవలెను. ఈ ఆదేశముల సముదాయమునకే సాఫ్ట్‌వేర్ అని పేరు. తొలి రోజులలో దీనిని వ్రాయుట కొద్దిమంది గణితజ్ఞుల పనిగా ఉండెను. 1960 తరువాత బ్యాంకులు, విమాన సంస్థలు, సైన్యము కంప్యూటర్లను విరివిగా వాడసాగుటతో ఒక్కొక్క పనికి వందలాది మంది కావలసివచ్చిరి. చిక్కులు అప్పుడే మొదలైనవి. గడువులు తప్పెను, ఖర్చు అంచనాలను మించెను, తీరా చేతికి వచ్చిన సాఫ్ట్‌వేరులో తప్పులు కనిపించెను.

1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్ పట్టణమున, నాటో ఆధ్వర్యమున, నిపుణులు సమావేశమై ఈ సంకటమును చర్చించిరి. వంతెనలు కట్టువారి క్రమశిక్షణ ఈ పనికి కూడ రావలెనన్న ఆశతో ఆ సభకు ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్’ అని పేరు పెట్టిరి.

పటము వ్యాపించెను, హెచ్చరిక మరుగుపడెను

అంతరిక్ష నౌకల సాఫ్ట్‌వేరులో అనుభవము గల విన్‌స్టన్ రాయిస్ అను అమెరికన్ ఇంజనీరు 1970లో ఒక వ్యాసము ప్రకటించెను. అందలి ఒక పటములో పని దశలు మెట్లవలె ఒకదాని క్రింద ఒకటి చూపబడినవి: అవసరములను నిర్ణయించుట, విశ్లేషణ, రూపకల్పన, ప్రోగ్రాము వ్రాయుట, పరీక్ష, వాడుక. నీరు పైనుండి క్రిందికి జారునట్లు పని సాగునని తోచుటచే, దీనికి తరువాత ‘వాటర్‌ఫాల్’, అనగా జలపాత పద్ధతి, అని పేరు వచ్చెను.

రాయిస్ ఆ మాటను వాడలేదు. పైగా, ఆ పటమును ఉన్నదున్నట్లు అనుసరించుట ప్రమాదకరమని అతడు ఆ వ్యాసములోనే హెచ్చరించెను. కారణము స్పష్టము. పరీక్ష చివరి దశలో ఉన్నది. రూపకల్పనలోని లోపము అంతవరకు బయటపడదు. బయటపడినప్పుడు మొదటికి మరలవలెను. కాలముగాని ఖర్చుగాని రెండింతలు కావచ్చును. కనుక ముందొక నమూనాను నిర్మించి చూడుమని అతడు సలహా ఇచ్చెను. ఆ సలహా కంటె పటమే ఎక్కువగా వ్యాపించెను. 1985లో అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టర్లకు విధించిన ప్రమాణము కూడ దశల వరుసనే ఆధారము చేసికొనెను.

విడతలవారీ నిర్మాణము

మరియొక మార్గము అప్పటికే ఆచరణలో కలదు. అమెరికా స్పేస్ షటిల్ నౌకకు కావలసిన ముఖ్య సాఫ్ట్‌వేరును 1977 నుండి 1980 వరకు, 31 నెలలలో, 17 విడతలుగా నిర్మించిరి. పని సాగుచుండగనే అవసరములు మారుచుండుటయే దీనికి కారణము.

1986లో హిరోతాకా తాకేయుచి, ఇకుజిరో నొనాకా అను జపాను పండితులు హోండా, కానన్ మొదలగు సంస్థలను పరిశీలించి, అక్కడి జట్లు రగ్బీ ఆటగాండ్రవలె కలసికట్టుగా ముందుకు సాగుచున్నవని వ్రాసిరి. ఆ ఆటలోని ‘స్క్రమ్’ అను మాటయే తరువాత ఒక పద్ధతికి పేరయ్యెను. జెఫ్ సదర్లాండ్ 1993లో దానిని సాఫ్ట్‌వేర్ పనికి ఉపయోగించెను. 1995లో కెన్ ష్వాబర్ ఒక సభలో దానిని వివరించెను. ఇందు పనిని నెలకు మించని విడతలుగా విభజింతురు. జట్టు ప్రతిదినము పదిహేను నిమిషములు కూడి, జరిగిన పనిని, ఎదురైన అడ్డంకులను చెప్పుకొనును. విడత ముగియగానే పనిచేయు భాగమును వాడుకరులకు చూపి, వారి అభిప్రాయమును బట్టి తరువాతి విడతను నిర్ణయింతురు. నేడు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కార్యాలయములలో ఉదయమున జరుగు ‘స్టాండప్’ సమావేశము ఇటువంటిదే.

2001 ఫిబ్రవరి 11–13 తేదీలలో అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డ్ అను కొండ విడిదిలో, ఇటువంటి పద్ధతులను అవలంబించిన 17 మంది కలిసికొని ఒక ప్రకటన వెలువరించిరి. ‘ఎజైల్’, అనగా చురుకైన, అను పేరు అక్కడ స్థిరపడెను. పత్రములకన్న పనిచేయు సాఫ్ట్‌వేరునకు, ముందు గీసిన ప్రణాళికకన్న మార్పునకు తగినట్లు నడచుకొనుటకు ఎక్కువ విలువ ఇయ్యవలెనని అందలి ముఖ్య భావములు. పత్రములు, ప్రణాళికలు అక్కరలేదని వారు చెప్పలేదు.

ఒక పరీక్ష

అమెరికా నేరపరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. తన కేసుల కాగితములకు బదులుగా ఒక కంప్యూటరు వ్యవస్థను తలపెట్టి, సుమారు 17 కోట్ల డాలర్లు వెచ్చించిన పిమ్మట 2005లో దానిని విడిచిపెట్టెను. 2006లో ‘సెంటినల్’ అను పేర మరల ప్రారంభించిరి. నాలుగు దశలు 2009 చివరకు ముగియవలసి యుండగా, 2010 నాటికి 45.1 కోట్లలో 40.5 కోట్లు ఖర్చయ్యెను. చేతికి వచ్చినవి రెండు దశలే. అప్పుడు ఆ సంస్థ పనిని తానే చేపట్టి, ఎజైల్ పద్ధతిలో రెండేసి వారముల విడతలుగా నడిపించెను. కొత్త గడువు కూడ కొంత తప్పెను. అయినను 2012 జులైలో వ్యవస్థ వాడుకలోనికి వచ్చెను.

పేరు మార్చినంత మాత్రమున ఫలితము రాదు. దినదిన సమావేశములు జరుపుచు, వాడుకరికి ఏమియు చూపని జట్టునకు పాత కష్టములు తప్పవు. ప్రయోగశాలలో విద్యార్థి నెలల తరబడి ఊహించుచు కూర్చుండడు. చిన్న ప్రయోగము చేసి, ఫలితమును చూచి, తన ఊహను దిద్దుకొనును. రాయిస్ 1970లో చెప్పదలచినదియు ఇంచుమించు ఇదియే. అతని పటమును చూచినవారు దాని క్రింది వాక్యములను కూడ చదివియుండినచో, ఎంతో ధనము, ఎందరి శ్రమయో మిగిలియుండెడిది.